బండిలో దిక్సూచి, నమాజులో ఖిబ్లా

నమాజుకు నిలబడే ప్రతి ముస్లిం తన ముఖాన్ని మస్జిదె హరామ్ వైపునకు త్రిప్పుకోవాలన్నది దివ్య ఖుర్ఆన్ ‘బఖర’ సూరాలోని స్పష్టమైన ఆదేశం. ఇంటిపట్టున ఉండేవారికి ఇదొక సమస్యే కాదు. మస్జిదులో మిహ్రాబ్ ఎటుంటే అటే నిలబడతారు. మరి నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే గడిపే డ్రైవర్ సోదరుల సంగతేమిటి?

నందిగామ, కంచికచర్ల మధ్య మునేరు వంతెన దగ్గరున్న మన కీసర మీదుగా హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి పోతుంది. ఒకప్పుడు దాని నెంబరు 9, ఇప్పుడు 65. జగ్గయ్యపేట ప్రాంతపు సిమెంటు మోసే లారీలు ఈ దారిన పగలనక రాత్రనక తిరుగుతుంటాయి. వాటిని నడిపేవారిలో మన బిడ్డలూ ఉన్నారు. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరులోనూ మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద రహదారి మీదికి నీరు వచ్చి వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అలాంటి వేళ ఆకాశం నిండా మబ్బులుంటే తూర్పేదో పడమరేదో తేల్చుకోవడం కష్టం. నమాజు వేళ మాత్రం ఆగదు కదా!

అందుకే కొందరు డ్యాష్‌బోర్డు మీద చిన్న దిక్సూచి అమర్చుకుంటున్నారు. ఉర్దూలో దీన్నే ‘కుతుబ్‌నుమా’ అంటాం. ఉద్దేశం మెచ్చుకోదగినదే. కానీ కొని అతికించినంత మాత్రాన అది సరైన దిక్కు చూపుతుందనుకోవడం పొరపాటు.

కారణం బండిలోనే ఉంది. దిక్సూచి ముల్లు భూమి అయస్కాంత శక్తికి లోబడి తిరుగుతుంది. చుట్టూ ఇనుప క్యాబిన్, స్పీకర్లలో అయస్కాంతాలు, వైపర్ మోటారు, కరెంటు ప్రవహించే వైర్లు ఉంటే ముల్లు వాటివైపు లాగబడుతుంది. ఇనుప ఓడలు వచ్చిన కొత్తలో నావికులకూ ఇదే చిక్కు ఎదురైంది. 1838లో ఇంగ్లండుకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ ‘రెయిన్‌బో’ అనే ఇనుప ఓడలో దిక్సూచి దగ్గర అయస్కాంతాలను అమర్చి ఆ తేడాను సరిదిద్దారు. నేడు బండ్లకు అమ్మే మంచి దిక్సూచులకు ఉండే రెండు చిన్న మరలు చేసే పని కూడా అదే.

వాటిని సరిచేసే విధానం ఇది. దిక్సూచిని స్పీకర్లకు, వైర్లకు వీలైనంత దూరంగా, ముందు అద్దం దగ్గర తాత్కాలికంగా అంటించాలి. బండిని కరెంటు తీగలు, ఇనుప షెడ్లు లేని మైదానంలోకి తీసుకెళ్ళాలి. చేతి దిక్సూచి పట్టుకుని బండికి ఇరవై అడుగుల దూరాన నిలబడి ఉత్తరం గుర్తించి, బండి ముందు భాగాన్ని అటు త్రిప్పాలి. ఉత్తర దక్షిణాల మరను ఇత్తడి లేదా ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో త్రిప్పుతూ దిక్సూచి ఉత్తరం చూపేలా చేయాలి. తరువాత బండిని దక్షిణానికి త్రిప్పి, తేడా కనిపిస్తే అందులో సగమే సరిచేయాలి. తూర్పు పడమరలకు రెండో మరతో ఇలాగే చేయాలి. చివరగా ఇంజను, లైట్లు వేసి ముల్లు కదులుతోందేమో చూడాలి. ఇనుప చువ్వల వంటి లోడు ఎక్కినప్పుడు మళ్ళీ సరిచూసుకోవడం మంచిది. సెల్‌ఫోనులోని ఖిబ్లా సూచికకూ ఈ బెడద తప్పదు. అయస్కాంతంతో పట్టుకునే స్టాండులో ఉన్న ఫోను చూపే దిక్కును అసలు నమ్మరాదు.

ఇక ఖిబ్లా ఎటు? మన పెద్దలు ‘పడమర’ అంటూ వచ్చారు. లెక్క ప్రకారం కీసర నుండి కాబా దిశ నేరు పడమరకు దాదాపు 14 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. అంటే దిక్సూచి మీద సుమారు 284. ఈ అంకె చూసి పాత మస్జిదుల గోడల గురించి తగవులు పెట్టుకోనక్కరలేదు. దూరాన ఉన్నవారికి కాబా ఉన్న దిశ చాలునని, నలభై అయిదు డిగ్రీల లోపు తేడా వల్ల నమాజు చెడదని హనఫీ ఉలమా వివరించారు.

దిక్సూచిని పరీక్షించడానికి అల్లాహ్ ఆకాశంలోనే ఒక ఏర్పాటు చేశాడు. ఏటా మే 28న మన గడియారంలో మధ్యాహ్నం 2.48కి, జూలై 16న 2.57కి సూర్యుడు సరిగ్గా కాబా నెత్తిన ఉంటాడు. లీపు సంవత్సరంలో ఒకరోజు ముందు. ఆ క్షణాన సూర్యునివైపు తిరిగి నిలబడితే అదే ఖిబ్లా.

దిక్సూచితో ఖిబ్లా తెలుసుకోవడం మనకు కొత్తేమీ కాదు. యెమెన్‌ను పాలించిన రసూలీ సుల్తాన్ అల్ అష్రఫ్ 1290 ప్రాంతంలోనే ఈ విషయం మీద అరబీలో రచన చేశారు. ఆయన సుల్తానే కాదు, ఖగోళ శాస్త్రవేత్త కూడా.

అయితే పరికరం సాధనమే గాని షరతు కాదు. ప్రయాణంలో దిక్కు తెలియకపోతే మొదట అక్కడి మనుషుల్ని అడగాలి. దాబా యజమాని ఏ మతస్థుడైనా సూర్యుడు ఎటు అస్తమిస్తాడో చెప్పగలడు. అడిగేవారు లేకపోతే సూర్యుణ్ణి, నక్షత్రాలను చూసి, మనసుపెట్టి ఆలోచించి ఒక దిక్కు నిర్ణయించుకోవాలి. దీన్ని ‘తహర్రీ’ అంటారు. అలా చేసిన నమాజు తరువాత దిక్కు తప్పని తేలినా చెల్లుతుంది, తిరిగి చేయనక్కరలేదు. నమాజులో ఉండగానే తెలిస్తే అక్కడికక్కడే తిరగాలి. ఖిబ్లా మారిందన్న కబురు అందగానే ఖుబాలో నమాజులో ఉన్నవారు అలాగే తిరిగారు. కానీ అడిగే వీలుండీ అడగకుండా, తెలుసుకునే ప్రయత్నం చేయకుండా ఏదో ఒక దిక్కుకు నిలబడి, అది తప్పని తేలితే ఆ నమాజు మళ్ళీ చేయాల్సిందే. అల్లాహ్ మన నుండి కోరేది శక్తి మేరకు ప్రయత్నం.

కనుక సోదరులారా! మరలు సరిచేయడం రానివారు దిగులు పడవద్దు. అయిదు వేళ్ళ మధ్య ఇమిడే చిన్న దిక్సూచి జేబులో ఉంచుకోండి. బండి ఆపి, రోడ్డుకు దూరంగా పదిహేను ఇరవై అడుగులు నడిచి, అక్కడ చూసుకోండి. ఆ నాలుగు అడుగులు కూడా నమాజు కోసం వేసినవే. కుటుంబంతో కార్లలో వెళ్ళేవారూ ఇదే పద్ధతి పాటించవచ్చు.

అల్లాహ్ మన ప్రయాణాలను క్షేమంగా సాగించి, మన ముఖాలతోపాటు మన హృదయాలను కూడా తనవైపు త్రిప్పుగాక! ఆమీన్.