సంఘటనకు ముడిపడిన పని

గడియారాన్ని చూసి నడిచే పనులు కొన్ని, సంఘటనను చూసి నడిచేవి మరికొన్ని. విండోస్ కంప్యూటర్లలోని ‘టాస్క్ షెడ్యూలర్’ రెండు విధాలా పని చేయిస్తుంది. కుటుంబాలకు మేము సూచించేది రెండవ విధమే. రాత్రి 10 గంటలకు నకలు తీయమని నియమిస్తే, ఆ వేళకు ఇంటి కంప్యూటర్ ఆపివేసి ఉండవచ్చు. దానికి బదులు లాగాన్ అయిన క్షణానికే ఆ పనిని ముడిపెడితే ఇంటి లెక్కలు, పిల్లల ధ్రువపత్రాలు, జకాత్ పద్దు వేరొక డిస్కులోకి చేరుతూ ఉంటాయి.

‘క్రియేట్ టాస్క్’ తెరిచి, ‘ట్రిగ్గర్స్’లో సంఘటనను, ‘యాక్షన్స్’లో నడపవలసిన ప్రోగ్రామును పేర్కొనాలి. ల్యాప్‌టాప్ గలవారు ‘కండిషన్స్’ను కూడా చూడాలి. విద్యుత్ సరఫరా ఉంటేనే పని మొదలుకావాలన్న గుర్తు అక్కడ ముందుగానే పెట్టి ఉంటుంది. కరెంటు కోతలున్న ఊళ్ళలో దానిని తీసివేయడమే మేలు.

నకలు తీయడానికి విండోస్‌లోనే ఉన్న ‘రోబోకాపీ’ చాలు. అయితే కొందరు దానికి ‘ఎంఐఆర్’ అన్న ఆదేశాన్ని జతచేస్తారు. ఇక్కడే ప్రమాదమంతా ఉంది! ఆ ఆదేశం అసలులో లేనిదానిని నకలులోనూ తుడిచివేస్తుంది. పసివాడు తెలియక ఒక ఫోల్డరును చెరిపివేశాడనుకోండి. మరుసటి లాగాన్‌తో, ఎవరినీ అడగకుండానే, భద్రపరచిన ప్రతి కూడా మాయమవుతుంది. ‘ఎంఐఆర్’ స్థానంలో ‘ఇ’ అన్న ఒక్క ఆంగ్లాక్షరాన్ని ఉంచితే కొత్తవి చేరతాయి, పాతవి నిలుస్తాయి. మార్పు చేసిన ఫైలు మాత్రం అదే పేరుగల పాత ప్రతి స్థానాన్ని ఆక్రమిస్తుంది. కనుక పద్దు ఫైలును నెలకొక కొత్త పేరుతో దాచుకోవాలి.