మీకు తెలుసా? పిడుగుపక్షి పెరిగిన తీరు

అమెరికా మూలవాసుల గాథలలో రెక్క విదిల్చినంతనే ఉరుము పుట్టించు పక్షి యొకటి గలదు; ఫోర్డు సంస్థవారు 1954 అక్టోబరులో విక్రయమునకు దెచ్చిన థండర్‌బర్డ్ కారునకు పేరు దానినుండియే వచ్చినది. తొలుత అది ఇద్దరికి మాత్రమే చోటుగల చిన్న వాహనము. 1956లో డిక్కీలో తావు చాలక స్టెప్నీ చక్రమును వెనుక బంపరుమీదికి నెట్టిరి. పిల్లలు గలవారు కొనలేని కారునకు గిరాకి యెంతవఱకని లెక్కలు గట్టిన సంస్థాధికారి రాబర్ట్ మెక్‌నమారా (వియత్నాం యుద్ధకాలమున అమెరికా రక్షణమంత్రియైనది ఈయనయే) పట్టుపట్టగా, 1958లో అది నాలుగు సీట్ల కారై, పాత రసికులు సణిగినను, 21 వేల అమ్మకము 37 వేలు దాటెను. స్వంత విలాసమునకై కొను కూపే (రెండు తలుపుల కారు) అను తరగతి అమెరికాలో వేళ్లూనినది అప్పుడే.

విలాసమన నెట్టిది? 1961 మోడలులో గేరును పార్కులో నుంచినచో స్టీరింగు చక్రము ప్రక్కకు జరుపుటకు వీలై, దిగువానికి దారి యిచ్చెడిది! 1965లో మలుపు తిరుగునపుడు వెనుకదీపములు లోపలినుండి వెలుపలికి ఒకదాని వెంట నొకటి వెలుగునట్లు, డిక్కీలో దాచిన చిన్న విద్యున్మోటారు చేసెడిది.

ఈ కారు 1967లో నాలుగు తలుపుల రూపమును గూడ దాల్చి, 1970ల తొలినాళ్లలో మఱింత స్థూలమై, 1977లో చిక్కి, ధర తగ్గి, ఆ యేట 3 లక్షలకు పైగా అమ్ముడుపోయినది. 1997లో ఆగి, 2002 మోడలుగా మరల రెండే సీట్లతో వచ్చి, 2005తో ముగిసెను.