పెరట్లో రంగుల పెట్టె

పిల్లలూ! బొమ్మలకు రంగులు ఎక్కడ దొరుకుతాయి అని అడిగితే, మీరు వెంటనే "కొట్లో" అంటారు. నిజమే. కాని కొట్టుకు పరుగెత్తే ముందు ఒకసారి మీ పెరట్లోకి వెళ్ళి చూడండి. పెరడు లేనివాళ్ళు మేడమీది పూలకుండీలు చూడండి. అవీ లేకపోతే అమ్మనడిగి పోపులపెట్టె మూత తీయండి. మన చుట్టూ ఎన్ని రంగులున్నాయో, వాటిలో నమ్మదగినవి ఎన్నో, నమ్మరానివి ఎన్నో అప్పుడు తెలుస్తుంది.

రంగుల్లో కూడా నమ్మరానివి వుంటాయా అంటారేమో. వుంటాయి. నా సంగతే చెబుతాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా యింట్లో ఒక ఎర్రావు వుండేది. దాని పెయ్యదూడ నా వెంటే తిరిగేది. ఒకనాడు ఆ దూడను అమ్మెయ్యాలని పెద్దవాళ్ళు నిశ్చయించారు. కొన్నవాళ్ళు ఉగాది వెళ్ళాక వచ్చి తోలుకుపోతామన్నారు. నేను అన్నం మాని ఏడుస్తూ కూచుంటే, మా అమ్మమ్మ, "దాని బొమ్మ వేసి వుంచుకోరా, ఎక్కడికీ పోదు," అన్నది.

రంగుల డబ్బా కొనిపెట్టేవాళ్ళెవరు? పసుపులో కాస్త సున్నం కలిపితే ఎర్రరంగు వచ్చింది. అది దూడ ఒంటికి. పాదు మీది బచ్చలిపండ్లు చిదిపితే వచ్చిన ఊదారంగు సాయంకాలపు ఆకాశానికి. చిక్కుడాకు నలిపి రుద్దితే పచ్చిగడ్డి. కళ్ళు, గిట్టలు, మెడలో పలుపు మాత్రం అమ్మమ్మ తన కరక్కాయ సిరాలో పుల్ల ముంచి దిద్దమన్నది. వాళ్ళ నాన్నగారు కరణీకం చేసిన మనిషి. ఆ యింట్లో సిరా కొనటమనేదే లేదట.

బొమ్మ బాగా కుదిరింది. దాన్ని కిటికీకి ఎదురుగా గోడకు అంటించాను. దూడ వెళ్ళిపోయింది. వేసవి సెలవులు వచ్చాయి. కొద్దిరోజుల్లోనే బొమ్మలోని దూడ ఎరుపు పోయి పసుపుపచ్చగా మారింది. తరువాత ఆ పసుపూ వెలిసింది. ఆకాశం మాసిన నీళ్ళరంగయింది. గడ్డి ఎండుగడ్డి అయింది. బడి తెరిచేనాటికి కాగితం మీద మిగిలినవి రెండు నల్లని కళ్ళు, నాలుగు గిట్టలు, ఒక పలుపు! దూడ రెండోసారి వెళ్ళిపోయినట్టు అనిపించింది నాకు.

అన్ని రంగులూ పోగా ఆ నలుపు ఒక్కటీ ఎందుకు నిలిచింది? ఇది తెలుసుకోవాలంటే ముందు పసుపుతో మొదలుపెట్టాలి.

మీ చొక్కా మీద పప్పు ఒలికిందనుకోండి. అమ్మ సబ్బు రాయగానే పసుపు మరక కాస్తా ఎర్రబడుతుంది. అమ్మ కంగారు పడదు. నీళ్ళతో జాడించి ఎండలో ఆరవేస్తుంది. సాయంత్రానికి మరక పలచబడుతుంది. ఈ ఒక్క మరకలో రెండు శాస్త్ర విషయాలున్నాయి. పసుపులో రంగునిచ్చే పదార్థం పేరు కర్క్యుమిన్. సబ్బు, సున్నం, వంటసోడా వంటి క్షారాలు తగిలితే అది ఎర్రగా మారుతుంది. నిమ్మరసం వంటి పులుపు తగిలితే తిరిగి పసుపవుతుంది. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణి ఎరుపు ఇలా వచ్చినదే. ఇది మొదటి విషయం. ఎండ తగిలితే ఈ పదార్థం విరిగి రంగు కోల్పోతుంది. ఇది రెండవది.

మరి నా దూడ ముందు ఎర్రగా వుండి పసుపుకు ఎందుకు తిరిగింది? సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అంటే మనం వదిలే ఊపిరిలో వుండే వాయువునే, పీల్చుకుని సుద్దగా మారిపోతుంది. సుద్దకు సున్నమంత క్షారం లేదు. అందుచేత ఎరుపు తగ్గింది. తరువాత ఎండ పసుపును కూడా తినేసింది.

దీనితో ఒక తమాషా చేయవచ్చు. తెల్లకాగితాన్ని పసుపునీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టండి. వంటసోడా కలిపిన నీళ్ళలో పుల్ల ముంచి దానిమీద మీ పేరు రాయండి. అక్షరాలు ఎర్రగా లేచి వస్తాయి. మందారపువ్వుతో కూడా ఇటువంటి వింతే చేయవచ్చు. ఎర్రమందారం రేకును తెల్లకాగితం మీద గట్టిగా రుద్దితే ఊదా చార పడుతుంది. దానిమీద ఒక చుక్క నిమ్మరసం వేయండి, గులాబీరంగు తిరుగుతుంది. మరోచోట సోడానీళ్ళు వేయండి, పచ్చబడుతుంది. ఒక్క పువ్వుతో మూడు రంగులు! అయితే ఇవన్నీ చుట్టపుచూపు రంగులు. చూసి ఆనందించవలసిందేగాని దాచుకుందామంటే కుదరదు.

ఇప్పుడు మీ గోళ్ళు చూసుకోండి. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఎన్నిసార్లు చేతులు కడిగినా పోదు. గోరు పెరిగి, కత్తిరించి పారేసేదాకా అక్కడే వుంటుంది. ఎందుకంటే గోరింటాకులోని రంగు గోటిలోని పదార్థాన్నే గట్టిగా పట్టుకుంటుంది. అంటే నిలిచే రంగుకు రెండు గుణాలు కావాలన్నమాట: ఎండకు ఓర్చాలి, పూసిన వస్తువును పట్టుకోవాలి. తనంతట తాను పట్టుకోలేని రంగుకు మధ్యవర్తి ఒకటి వుండాలి.

ఆ మధ్యవర్తుల సంగతి బాగా ఎరిగినవాళ్ళు మన కలంకారీ పనివారు. శ్రీకాళహస్తిలో కలంతో చేతిమీదుగా బొమ్మలు గీస్తారు. మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తి పద్ధతి చూడండి. ముందు నూలుబట్టను కరక్కాయ రసం కలిపిన పాలలో తడిపి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు వల్ల గీసిన గీత చెదిరి పాకకుండా వుంటుంది. చింతబరికలు కాల్చిన బొగ్గుతో బొమ్మను లీలగా గీసుకుంటారు. ఆ తరువాత కొసకు కాస్త పైన గుడ్డో ఉన్నో చుట్టిన వెదురుకలం పట్టుకుని, బెల్లపునీళ్ళలో తుప్పు ఇనుము రోజుల తరబడి నానగా వచ్చిన ద్రవంతో గీతలు దిద్దుతారు. వింత ఏమిటంటే, ఆ ద్రవం నల్లగా వుండదు! బట్టను తాకాక, కరక్కాయలోని వగరు, ద్రవంలోని ఇనుము కలుసుకున్నాకనే నలుపు పుడుతుంది. అది దారం లోపలే పుడుతుంది గనక ఉతికినా పోదు. ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళు రాసి, తరువాత బట్టను రంగువేళ్ళతో కలిపి ఉడకబెడతారు. పటిక రాసినచోట ఎరుపు పట్టుకుంటుంది; మిగతాచోట్ల అంటిన కాస్త రంగూ ఉతుకులో, ఎండలో వదిలిపోతుంది.

ఉతికినా వెలవని ఈ కోరమాండల్ తీరపు బట్టలంటే ఒకప్పుడు ఐరోపా వాళ్ళకు పిచ్చి పట్టింది. తమ పట్టు, ఉన్ని నేతగాళ్ళ బతుకు పోతుందని భయపడి 1686 లో ఫ్రాన్సు ప్రభుత్వం వీటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. దొంగచాటుగా కొనేవాళ్ళు కొంటూనే వున్నారు! అప్పటి బట్టలు కొన్ని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు.

ఈ నలుపును మీరూ తయారుచేయవచ్చు. కాని మూడు వారాల ఓపిక కావాలి. ఒక గాజుసీసాలో గుప్పెడు తుప్పుపట్టిన మేకులు వేసి, నిమ్మకాయంత బెల్లం కలిపిన రెండు గ్లాసుల నీళ్ళు పోయండి. మేకులు ఏరటం నాన్నగారి పని; తుప్పు మేకు గుచ్చుకుంటే ప్రమాదం. సీసా మూతికి గుడ్డ కట్టాలి. మూత బిగించకూడదు. నేనొకసారి బిగించాను. లోపల బెల్లం పులిసి వాయువు పుట్టి, నాలుగోనాడు మధ్యాహ్నం మూత ఎగిరి అటకను తాకింది; నిద్రపోతున్న వాళ్ళందరూ లేచి నన్ను వెతికారు. నురుగు వస్తుంది, వాసనా వస్తుంది; కనుక సీసా ఇంటి బయట, ఎవరూ పొరపాటున తాగని చోట వుండాలి.

రెండు మూడు వారాలయ్యాక వడకట్టండి. తయారయిందో లేదో చూడటానికి ఒక ఉపాయం వుంది. పాలు కలపని టీ డికాషనులో ఒక చుక్క వేయండి. టీలోనూ కరక్కాయలో వున్నటువంటి వగరే వుంది గనక డికాషను సిరాలా నల్లబడుతుంది. (దాన్ని పారబోయాలి సుమా!) ఇక పచారీ కొట్లోనో మూలికల కొట్లోనో నాలుగు కరక్కాయలు తెచ్చి, దంచి, ఒక గ్లాసు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. ఆ రసంలో కాసిని చిక్కటి పాలు కలిపి, గంజి లేని పాత నూలుగుడ్డను తడిపి ఆరవేయండి. తరువాత పుల్లతో గీయండి. మొదట బూడిదరంగు గీత కనబడుతుంది. కళ్ళార్పకుండా చూడండి, నల్లబడుతూ వస్తుంది. మంచి బట్టలు మాత్రం విప్పి కూచోండి. ఈ మరకను ఏ సబ్బూ వదిలించలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే కన్నుకే ముప్పు. పసుపులో కలపటం మీరే చేయండి. జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త జోలికి వాళ్ళను పోనివ్వకండి. మూడు నాలుగేళ్ళ చిన్నారులకు ఈ సీసాలూ సిరాలూ వద్దు. అడ్డంగా కోసిన బెండకాయను పసుపుముద్దలో అద్ది కాగితం మీద అచ్చులు వేయనిస్తే చాలు, గంటసేపు లోకం మరిచిపోతారు. లేత టేకాకు దొరికితే అరచేతుల మధ్య నలిపి చూపించండి. చేతులు ఎర్రబడటం చూసి వాళ్ళు వేసే కేక వినితీరాలి. పెద్ద పిల్లలు బొమ్మ వేస్తుంటే దిద్దబోకండి. దూడకు అయిదు కాళ్ళున్నా సరే.

చివరగా ఒక పరీక్ష. ఒక పొడవాటి కాగితం తీసుకుని దానిమీద మీకు దొరికిన రంగులన్నీ చారలుగా గీయండి: పసుపు, పసుపూ సున్నమూ కలిపినది, బచ్చలిపండు, మందారం, ఆకుపసరు, చివర కరక్కాయ రసం పూసి ఆరిన చోట ఇనుపనీళ్ళు. ఒక్కొక్క చార కింద దాని పేరు, తేదీ పెన్సిలుతో రాయండి. చారలన్నీ సగానికి తెగేటట్టు కాగితాన్ని నిలువునా రెండుగా కత్తిరించండి. ఒక సగం లావుపాటి పుస్తకంలో దాచండి. రెండవ సగం ఎండ తగిలే కిటికీకి అంటించండి. నెల రోజులు దాని జోలికి పోవద్దు. తరువాత రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత వెలిసిందో మీ పుస్తకంలో రాసుకోండి. మీకు అపురూపమైన బొమ్మ ఏదైనా వేయాలనుకుంటే, ఆ పుస్తకం చూసుకుని రంగులు ఎంచుకోవచ్చు.