గర్భాశయ గ్రీవ డిస్ప్లాసియా: చికిత్స తరువాతి వైరస్ పరీక్షలు

గర్భాశయ గ్రీవ డిస్ప్లాసియా అనగా గర్భాశయ ముఖద్వారపు పైపొర కణాలలో కలిగే అసహజమైన మార్పు. ఇది క్యాన్సరు కాదు. కాని తీవ్రమైన మార్పును చికిత్స లేకుండా వదిలివేస్తే కొందరిలో కొన్నేళ్ళకు క్యాన్సరుగా మారగలదు. దాదాపు అన్ని సందర్భాలలోను దీనికి మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పివి. ఈ సంబంధాన్ని కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

వైరస్ పరీక్ష ఎందుకు?

మార్పు చెందిన భాగాన్ని విద్యుత్ తీగతో కత్తిరించి తీస్తారు, లేదా అతిశీతలంతోనో వేడితోనో నశింపజేస్తారు. ఇవి చెడిన కణాలను తొలగిస్తాయే గాని వైరస్‌ను చంపే మందులు కావు. మిగిలిన వైరస్‌ను అణచవలసినది శరీరపు రోగనిరోధక శక్తే. అణచినదీ లేనిదీ తెలుసుకోవడానికి ముఖద్వారం నుండి బ్రష్షుతో తీసిన నమూనాలో వైరస్ జన్యుపదార్థం కోసం వెదుకుతారు.

తీసిన ముక్క అంచులలో చెడు కణాలు లేవని రిపోర్టు వస్తే చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. ఇది తొందరపాటు. 2017లో ప్రచురితమైన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం, మిగిలిపోయిన లేదా తిరగబెట్టిన లోపాలలో సుమారు 56 శాతాన్నే అంచుల పరీక్ష సూచించగా, వైరస్ పరీక్ష 91 శాతాన్ని సూచించింది. వైరస్ కనబడని స్త్రీలలో లోపం మళ్ళీ బయటపడినది నూటికి ఒకరి కంటె తక్కువమందిలో. వైరస్ కనబడినంత మాత్రాన క్యాన్సరు ఉన్నట్లు కాదు. కాల్పోస్కోపీ అవసరమని మాత్రమే అర్థం.

ఎంతకాలం?

అమెరికాలో 2019 నాటి మార్గదర్శకాల ప్రకారం మొదటి పరీక్ష 6 నెలలకు, ఆపై వరుసగా మూడుసార్లు నెగటివ్ వచ్చేవరకు ఏటా, తరువాత మూడేళ్ళకొకసారి కనీసం 25 ఏళ్ళు చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 12 నెలలకు పరీక్షను సూచించింది. 25 ఏళ్ళు అతిగా తోచవచ్చు. కాని స్వీడన్‌లో తీవ్ర డిస్ప్లాసియాకు చికిత్స పొందిన స్త్రీలకు క్యాన్సరు వచ్చే అవకాశం ఇతరుల కంటె రెట్టింపుకు మించి ఉన్నట్లు, అదనపు ముప్పు 25 ఏళ్ళ తరువాత కూడా కొనసాగినట్లు 2007లో వెల్లడైంది.

తెలుగునాట

గర్భసంచి తీయించుకుంటే ఇక భయం లేదన్న నమ్మకం మనవారిలో బలంగా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15-49 ఏళ్ళ స్త్రీలలో ఈ శస్త్రచికిత్స జరిగినవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం, దేశం మొత్తం మీద 3.2 శాతమే. తీవ్ర డిస్ప్లాసియా కారణంగా గర్భసంచి తీసినవారికి యోని పైభాగంలో అదే వైరస్ వలన లోపం రావచ్చును గనుక వారికీ పరీక్షలు కొనసాగవలసినదే.

మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల అద్దె ఇల్లు మారితే ఆసుపత్రీ మారుతుంది. పాత బయాప్సీ రిపోర్టు చూపకపోతే కొత్త డాక్టరుకు ఆమె సంగతి తెలిసే దారి లేదు. ఆ కాగితాన్ని రేషను కార్డుతో పాటే దాచుకోవడం మంచిది.