దూరపు పరుగు – కాఫీ

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున సింగరేణి గనులు మూడు షిఫ్టులుగా నడచును. రాత్రి షిఫ్టు ముగించి, ఉదయము 7 గంటలకు కాఫీ త్రాగి దూరపు పరుగునకు బయలుదేరు కార్మికుని తలచుకొందము. కాఫీ అతనికి బలము నిచ్చునా?

ఇవ్వదు. అలసటను మెదడునకు తెలియజేయు అడినోసిన్ అను పదార్థమునకు కెఫీన్ అడ్డుపడును. అలసట మరుగుపడునే గాని తీరదు. శరీరపు బరువులో కిలోకు 3 నుండి 6 మిల్లీగ్రాముల కెఫీన్‌ను గంట ముందు పుచ్చుకొన్నచో పరుగు కొంత మెరుగగునని పరిశోధనలు తేల్చినవి. ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ 2004లో దానిని నిషిద్ధ పట్టికనుండి తొలగించినది.

అయితే అందులో సగము దేహమును వీడుటకే సుమారు 5 గంటలు పట్టును. పరుగు ముగించి నడుము వాల్చువేళకు కాఫీ ఇంకను మేల్కొనియే యుండును. రాత్రి పనివారికి పగటి నిద్రయే అసలు బలము. కాఫీకై దానిని తాకట్టు పెట్టవలదని మా మనవి.