మార్కాపురం పలక, ఎనిమిదో తరగతి ట్యాబు

పలకా బలపంతో ఓనమాలు దిద్దిన తెలుగువాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నది మార్కాపురం రాయే. మార్కాపురం చుట్టుపక్కల దొరికే ఈ పలకరాయి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. నీటి అడుగున పేరుకున్న బంకమట్టి ఒత్తిడికీ వేడికీ గట్టిపడి రాయయింది. ఆ ఒత్తిడికి అభ్రకంలాంటి ఖనిజాల రేకులన్నీ ఒకే వైపుకు ఒదిగాయి. అందుకే ఉలి ఆనించి సుత్తితో తడితే ముక్కలు కాకుండా పొరలుగా విడుతుంది. ఆ పొరను నునుపు చేసి కొయ్య చట్రం బిగిస్తే పలక. బలపం దీనికన్నా మెత్తన, అరిగేది అదే.

పలక కూడా చదువుల టెక్నాలజీయే, కాకపోతే కరెంటు అక్కర్లేదు. తప్పు రాస్తే పంతులుగారు అక్కడికక్కడే పట్టుకుని చెయ్యి పట్టి దిద్దించేవారు. ఉమ్మితో తడిపి అరచేత్తో తుడిస్తే తప్పు జాడ లేదు (ఎన్ని చీవాట్లు పడినా ఆ అలవాటు మాత్రం పోలేదు). లోపం ఒక్కటే: నిన్న పిల్లాడు ఎక్కడ తడబడ్డాడో పలకకు గుర్తుండదు. ట్యాబు దీన్ని మించగలిగేది ఇక్కడే.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచడం మొదలైంది. వస్తువు చేతికిస్తే చదువు దానంతటదే వస్తుందా అంటే, రాదు. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి చూశారు. లెక్కల్లోగానీ భాషలోగానీ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. మరి ఏది పనిచేస్తుంది?

ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్. అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్‌లతో కలిసి ఆయన ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షకు పెట్టారు. 619 మంది పిల్లల్లో ఎవరికి ఆ అవకాశం దక్కాలో లాటరీ తేల్చింది. దక్కినవాళ్లకు వారానికి ఆరు రోజులు, బడి వేళలు కాక రోజూ గంటన్నర: సగం కంప్యూటర్ ముందు, సగం చిన్న గుంపుగా ఒక బోధకుడి దగ్గర. నాలుగున్నర నెలల తర్వాత వాళ్లు మిగతావాళ్లకన్నా లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. 2019లో అచ్చయిన ఈ అధ్యయనం మొదట్లోనే ఒక చేదు నిజం బయటపెట్టింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తరగతి గదిలో ఒకే పాఠం అందరికీ నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం భాగహారం రాని ఏడో తరగతి పిల్లాణ్ని గుట్టుగా నాలుగో తరగతి భాగహారం దగ్గరికి తీసుకెళ్తుంది. తప్పును బట్టే తర్వాతి ప్రశ్న వేస్తుంది. మన ప్రభుత్వ బడుల్లోని ‘పాల్’ (పర్సనలైజ్డ్ అడాప్టివ్ లెర్నింగ్) ల్యాబుల సూత్రమూ ఇదే. నోబెల్ గ్రహీత మైకేల్ క్రెమర్ బృందం వీటిని అధ్యయనం చేసింది.

ఢిల్లీ ఫలితాల్లో గమనించాల్సిన సంగతి ఒకటుంది. లెక్కల్లో అంత ముందుకొచ్చిన పిల్లలకు బడి పరీక్షల్లో లెక్కల మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. వాళ్లు నేర్చుకున్నది కింది తరగతుల లెక్కలు, ప్రశ్నపత్రం మాత్రం వాళ్ల తరగతిది. గిద్దలూరులోనైనా మార్కాపురంలోనైనా, ప్రోగ్రెస్ కార్డు చూసి ట్యాబు దండగని తేల్చేసే అమ్మానాన్నలకు ముందుగా చెప్పాల్సిన ముక్క ఇది.