నిరూపణకే పరీక్ష: పాతికేళ్ల వాదనను తనిఖీ చేసిన కంప్యూటర్

నిరూపణలో వాడుకున్న ఉపసిద్ధాంతాలను తొలగించి, దానిని నేరుగా తిరిగి నిర్మించవచ్చని గెర్హార్డ్ గెంట్జెన్ 1930వ దశకంలో చూపారు. దీనినే ‘కట్ తొలగింపు’ అంటారు. ఏది నిరూపించదగినదో పరిశీలించే ‘నిరూపణీయతా తర్కా’నికీ ఇది వర్తిస్తుందని 1983లో సిల్వియో వాలెంటిని ప్రకటించారు. అయితే ఆ ప్రక్రియ అసలు ముగుస్తుందా అన్న సందేహం 2001లో తలెత్తింది.

చిక్కు చిన్నదే. ఒకే సూత్రం రెండుసార్లు వస్తే ఒకటిగా లెక్కించాలా, రెండుగానా? కాగితంపై ‘ఇది స్పష్టమే’ అని దాటవేయవచ్చు; కంప్యూటర్ అందుకు ఒప్పుకోదు.

రెండుగా లెక్కించినా వాలెంటిని వాదన నిలుస్తుందని 2008లో రాజీవ్ గోరే, రేవంత రామనాయకే చూపారు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన జెరెమీ డాసన్, గోరే 2010లో ఆ నిరూపణను ‘ఇసబెల్’ అనే సాఫ్ట్‌వేర్‌తో మెట్టుమెట్టునా తనిఖీ చేయించారు.